ఎంఐటీకి ఎంత ర్యాంకు రావాలి? మా పాపకి ఛాన్సుందా?

పాకాల_మాస్టారు
మా పాప తిరుపతిలో ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. హాస్టల్లో పెట్టలేదు, రోజూ పాకాల నుంచి రైల్లో పోయొస్తుంది. టెన్త్‌లో 600కి 587, ఫస్టియర్‌లో 470కి 461. నేను గవర్నమెంటు స్కూల్లో సోషల్ చెప్తా. ఎకరన్నర మామిడి తోట ఉంది, అది లాభమా నష్టమా అని అడగొద్దు.

యూట్యూబ్‌లో ఏం చూసిందో ఏమో, నెల రోజులుగా అమెరికాలో ఎంఐటీ అనే యూనివర్సిటీకి అప్లై చేస్తానని ఒకటే పట్టు. ఐఐటీ సంగతి నాకు తెలుసు. జేఈఈ మెయిన్‌లో ఎంతొస్తే అడ్వాన్స్‌డ్‌కి పోవచ్చు, అడ్వాన్స్‌డ్‌లో ఎంతొస్తే ఏ బ్రాంచి, పోయినేడు ఏ రౌండులో ఎంతకి ఆగింది, అంతా నోట్సులో రాసి పెట్టుకున్నా. ఈ ఎంఐటీకి యాడ వెతికినా లాస్ట్ ర్యాంకు కనపడలేదు. తిరుపతిలో ఒక కన్సల్టెన్సీకి పోతే నాలుగున్నర లక్షల ప్యాకేజీ చెప్పినారు. ‘టాప్ ట్వంటీలో సీటు ఖాయం సార్’ అన్నారు. ఏసీ గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చినారు. తాగి వచ్చేసినా.

తెలిసినోళ్లు చెప్పండి. ఎంత ర్యాంకు కావాల? ఛాన్సు ఎంత శాతం?

రేణిగుంట_రైలు
కాఫీ బాగుందా మాస్టారూ? ఆ నాలుగున్నర లక్షల్లో ఖాయంగా వచ్చేది అదొక్కటే.

ఎంపీసీ_బాధితుడు
461 అంటే మిగతా తొమ్మిది ఎక్కడ పోయాయని మా ఇంట్లో అయితే ఇప్పటికీ పంచాయితీ నడుస్తుండేది.

బోస్టన్_బాబాయి
మాస్టారూ, లాస్ట్ ర్యాంకు మీకు దొరక్కపోవడం కాదు, అసలు లేదు. నాది చంద్రగిరి, ఇక్కడికొచ్చి 18 ఏళ్లు. నేను ఎంఐటీలో చదవలేదు. రోజూ ఆఫీసుకి రెడ్ లైన్ రైల్లో పోతుంటే ఎంఐటీ పక్కనున్న కెండల్ స్టేషన్లో తలుపులు తెరుచుకుని మూసుకుంటాయి, దానితో నా సంబంధం అంతవరకే. మావాడి క్లాసు పిల్లలు అప్లై చేస్తుంటే దగ్గర్నుంచి చూశా కాబట్టి చెప్తున్నా.

ఒక పరీక్ష, ఒక మెరిట్ లిస్టు, ఒక కౌన్సెలింగు అనేది అక్కడ ఉండదు. శాట్ అని ఒక పరీక్షుంది, 1600కి. కోవిడ్‌లో అక్కర్లేదన్నారు, 2022లో మళ్లీ పెట్టారు. దాంతోపాటు హైస్కూలు నుంచి మార్కులు, ఇద్దరు టీచర్ల ఉత్తరాలు (ఒకరు లెక్కలో సైన్సో చెప్పేవాళ్లు, ఇంకొకరు భాషో సోషలో చెప్పేవాళ్లు), కాలేజీ నుంచి ఒక రిపోర్టు, పాప సొంతంగా రాయాల్సిన చిన్న చిన్న వ్యాసాలు కొన్ని. ఇవన్నీ దగ్గర పెట్టుకుని మనుషులు చదువుతారు. శాట్‌లో 1580 వచ్చిందంటే సీటు వచ్చినట్టు కాదు. అది శీఘ్రదర్శనం టికెట్టు కాదు, క్యూ కాంప్లెక్సులోకి రానిచ్చారు, అంతే.

2025లో చేరిన బ్యాచికి 29,281 మంది అప్లై చేస్తే 1,324 మందిని తీసుకున్నారు. నూటికి నాలుగున్నర. అమెరికా బయటి పిల్లలకైతే నూటికి ఇద్దరు, అటూ ఇటూ.

పాకాల_మాస్టారు
నూటికి ఇద్దరంటే మా డీఎస్సీ మాదిరే ఉండాదే. డీఎస్సీలో అయినా కీ ఇస్తారు, ఇంట్లో కూర్చుని టిక్కులు పెట్టుకోవచ్చు. మనుషులు కూర్చుని చదవడం ఏంది సామీ? ఎన్ని మార్కులు వేస్తారు?

బోస్టన్_బాబాయి
మార్కులు చెప్పరు.

పాకాల_మాస్టారు
రీకౌంటింగు?

బోస్టన్_బాబాయి
లేదు.

రేణిగుంట_రైలు
ఫీజు రీయింబర్స్‌మెంటు?

బోస్టన్_బాబాయి
నువ్వు వెటకారానికి అన్నావు గానీ, అది మాత్రం ఉంది.

ఏడాదికి మొత్తం ఖర్చు 85 వేల డాలర్ల పైమాటే. మన లెక్కలో 70 లక్షలు దాటుతుంది. గుండె పట్టుకోకండి మాస్టారూ, చదవండి. ఇంటి ఆదాయం లక్ష డాలర్ల లోపు ఉండి, ఆస్తులు మామూలుగా ఉంటే తల్లిదండ్రులు ఏమీ కట్టక్కర్లేదని 2025 నుంచి వాళ్ల లెక్క. బయటి దేశం పిల్లలకీ ఇంటి పరిస్థితిని బట్టే సాయం. డబ్బు అడిగారని అప్లికేషన్ పక్కన పడేయరు. ఈ పద్ధతి అన్నిచోట్లా లేదు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హెర్స్ట్, ఇలా ఇంకొన్ని. స్టాన్‌ఫర్డ్‌లో అయితే బయటి పిల్లలు సాయం అడిగారా లేదా అన్నది కూడా లెక్కలోకి వస్తుంది.

పుత్తూరు_కట్టు
లక్ష డాలర్ల లోపా! మా వీధి వీధంతా కలిపినా లోపే ఉంటాం.

లెక్కల_రెడ్డెప్ప
31 ఏళ్లు జూనియర్ కాలేజీల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మాస్టారూ, చేదుగా ఉన్నా చెప్పాలి. ఇండియా నుంచి అక్కడికి నేరుగా డిగ్రీకి పోయేవాళ్లలో ఒలింపియాడ్ పిల్లలు చాలామంది ఉంటారు. లెక్కల ఒలింపియాడ్‌కి సెప్టెంబరులో ఐఓక్యూఎం అనే మొదటి పరీక్ష, తర్వాత రీజనల్, జనవరిలో నేషనల్, దాని తర్వాత ముంబై హోమీ భాభా సెంటర్ వాళ్ల క్యాంపు, చివరికి దేశం మొత్తం మీద ఆరుగురు. 2016లో ముంబై అమ్మాయి ఒకరికి ఇన్‌ఫర్మాటిక్స్ (కంప్యూటర్ ప్రోగ్రామింగ్) ఒలింపియాడ్ పతకాలు చూసి ఎంఐటీ సీటిచ్చింది, ఆ అమ్మాయి ప్లస్ టూ కూడా రాయలేదు. మీ పాప ఐఓక్యూఎం రాసిందా? మన కాలేజీల్లో ఆ పరీక్ష పేరు విన్నవాళ్లే తక్కువ.

ఇక్కడ ఐఐటీల్లో 2025లో 18,160 సీట్లు. అడ్వాన్స్‌డ్ రెండు పేపర్లూ రాసింది 1,80,422 మంది. పదికి ఒకటి. అమ్మాయిలకి 20 శాతం ఉండేలా వేసిన అదనపు సీట్లూ ఆ లెక్కలోవే. ఇంత దగ్గర్లో ఉన్న చెట్టు వదిలేసి సముద్రం అవతల కొమ్మకి రాయి విసరడం ఎందుకు?

ఎంపీసీ_బాధితుడు
రెడ్డెప్ప సార్, ఆ పదికి ఒకటి లెక్కలో చిన్న మోసం ఉంది. అడ్వాన్స్‌డ్ రాసేది మెయిన్‌లో వడపోశాక మిగిలినవాళ్లు. 2025లో మెయిన్ రాసింది 14.75 లక్షల మంది. అక్కడి నుంచి లెక్కేస్తే ఐఐటీ సీటు నూటికి ఒకటింబావు కూడా రాదు. బాబాయి చెప్పిన నూటికి ఇద్దరే నయం!

లెక్కల_రెడ్డెప్ప
లెక్క బాగానే వేశావు, అర్థం తప్పు చెప్పావు. మెయిన్ రాసే 14 లక్షల్లో ఇంట్లోవాళ్ల పోరు పడలేక హాల్‌టికెట్ తీసుకున్నవాళ్లు సగం. అమెరికాకి అప్లై చేసేవాడు 75 డాలర్లు కట్టి, వ్యాసాలు రాసి, ఉత్తరాల కోసం తిరిగి చేస్తాడు. ఆ గుంపు వేరు, ఈ గుంపు వేరు. రెండు శాతాలు పక్కపక్కన పెట్టకూడదు.

ఎంపీసీ_బాధితుడు
ఆ సగంలో నేనూ ఉన్నా సార్. గుచ్చుకుంది.

రేణిగుంట_రైలు
ఇవన్నీ ఎందుకు, ఏర్పేడులో మన ఐఐటీ ఉంది కదా. లోకల్ కోటాలో వేసేయండి.

భవానీనగర్_శైలజ
ఇది మా అపార్ట్‌మెంట్లో ఏటా వినే మాట. ఐఐటీలకి లోకల్ కోటా లేదు. ఈఏపీసెట్‌లో ఎస్వీయూ రీజియన్ వాళ్లకి 85 శాతం, ఎన్ఐటీల్లో సొంత రాష్ట్రానికి సగం. ఐఐటీల్లో సున్నా. ఏర్పేడు ఐఐటీ గేటు ఎదురుగా ఇల్లున్న పిల్లాడూ, బీహార్ పిల్లాడూ ఒకే లైను.

చిత్తూరు_చిన్నోడు
భూములిచ్చింది మనం, దుమ్ము తినింది మనం, సీటు మాత్రం దేశమంతా. బో బాగుండాది.

భవానీనగర్_శైలజ
మాస్టారుగారూ, మా అబ్బాయి సంగతి చెప్తా, పనికొస్తుందేమో. రెండేళ్ల కిందట వాడూ ఇలాగే పట్టుపట్టాడు. పదకొండు యూనివర్సిటీలకి వేశాం. శాట్‌కి చెన్నై వెళ్లాం, ముందురోజు తాంబరంలో లాడ్జిలో దోమలతో జాగారం. పరీక్ష రెండుంబావు గంటలే, ల్యాప్‌టాప్ మీద. లెక్కలు మన పిల్లలకి అన్నం తిన్నంత తేలిక, ఇంగ్లీషు చదివి అర్థం చేసుకునే భాగం దగ్గరే జారతారు. వాడికి 1490.

అసలు కష్టం పరీక్ష కాదు, కాలేజీ. లెక్కల సార్ దగ్గరికి ఉత్తరం కోసం వెళ్తే మూడు రోజులు తిప్పి లెటర్‌హెడ్ మీద రెండు లైన్లు టైపు చేసి ఇచ్చారు. ‘ఈ విద్యార్థి నాకు రెండు సంవత్సరాలుగా తెలుసు. ఇతని ప్రవర్తన సంతృప్తికరం.’ కింద గుండ్రటి సీలు. ఆయన తప్పని అనను. రెండు వందల మంది కూర్చునే సెక్షన్లో మావాడు ఏ బెంచీలో ఉంటాడో ఆయనకేం తెలుసు? పైగా ఆ ఉత్తరం మన చేతికి ఇవ్వకూడదు, సారే తన ఈమెయిల్ నుంచి ఎక్కించాలి. సార్ ఈమెయిల్ పాస్‌వర్డ్ ఆఫీసులో కంప్యూటర్ అబ్బాయికి మాత్రమే తెలుసు. ఆ అబ్బాయి శబరిమల పోయి ఉన్నాడు.

పది చోట్ల ‘రాలేదు’. ఒకచోట వచ్చింది, సగం స్కాలర్‌షిప్పు, మిగతా సగం ఏడాదికి ముప్ఫై లక్షలు. దండం పెట్టేశాం. ఫీజులకీ, పరీక్షకీ, తిరుగుళ్లకీ లక్షకి పైగా అయింది. ఫీజు మాఫీ అడగొచ్చని అప్పట్లో తెలియదు, మీరు అడగండి. ఇప్పుడు వాడు ఇక్కడే ఐసర్‌లో, అంటే సైన్సు చదువుల కేంద్ర సంస్థలో ఉన్నాడు. దానికి ఐఏటీ అని విడిగా పరీక్ష. 60 ప్రశ్నలు, 240 మార్కులు. బయాలజీ కూడా ఉంటుంది, ఎంపీసీ పిల్లలు ఆ పదిహేను ప్రశ్నల దగ్గర దేవుడికి మొక్కుకుంటారు. వాడు సంతోషంగానే ఉన్నాడు. ఆదివారం ఇంటికొచ్చి బట్టలు పడేసి పోతాడు.

గైడెన్స్_గురు
పైన మేడమ్‌గారి బాబుకి ప్రొఫైల్ బిల్డింగ్ జరగలేదు, అందుకే రిజెక్ట్. మా దగ్గర ఎన్జీఓ సర్టిఫికెట్, రీసెర్చ్ పేపర్, లీడర్‌షిప్ అవార్డు అన్నీ ప్యాకేజీలో ఉంటాయి. ఎస్సేలు కూడా మా నిపుణులే రాస్తారు, స్టూడెంట్ ఐఐటీ ప్రిపరేషన్ చూసుకోవచ్చు. వివరాలకు ఫోన్ చేయండి.

నిర్వాహకుడు
ఫోన్ నంబరు తీసేశాను. ఇంకోసారి పెడితే మిమ్మల్నీ తీసేస్తాను.

చిత్తూరు_చిన్నోడు
మా సందులో ఒక అబ్బోడు ఇంటర్ చదవతానే మూడు ఎన్జీఓలకి ఫౌండరు. మెంబర్లు వాళ్లమ్మ, వాళ్ల నాయన, వాళ్ల కుక్క.

పుత్తూరు_కట్టు
కుక్క ట్రెజరరా?

బోస్టన్_బాబాయి
గురువుగారూ, వ్యాసం ఎవరో రాసిచ్చారని బయటపడితే సీటిచ్చాక కూడా వెనక్కి తీసుకుంటారు. పైగా పదిహేడేళ్ల పిల్ల రాసినట్టు ఉండదు, చదివేవాళ్లకి తెలిసిపోతుంది. మాస్టారూ, ఎంఐటీ ఫారంలో చదువు కాకుండా చేసే పనులకి నాలుగే గడులు. ఇరవై సర్టిఫికెట్లున్నా పెట్టడానికి చోటే లేదు. ఇంతకీ మీ పాప ఖాళీగా ఉంటే ఏం చేస్తుంది?

పాకాల_మాస్టారు
ఏం చేయదు సామీ. అదే నా బాధ. డాన్సు లేదు, కరాటే లేదు. రైల్లో చదువుకుంటుంది, ఇంటికొచ్చి చదువుకుంటుంది.

పోయిన సీజన్లో మాత్రం ఒక పనికిమాలిన పని చేసింది. తోతాపురికి ఫ్యాక్టరీ 8 రూపాయలు, గవర్నమెంటు 4 రూపాయలు అన్నారే, ఆ సీజను. కాయ ట్రాక్టరుకెత్తి జ్యూస్ ఫ్యాక్టరీకి తీసుకుపోతే రోడ్డు మీద క్యూ. మూడు రాత్రులు ట్రాక్టరు కిందే పడుకున్నా. రెండోనాడు పాప క్యారియర్ తెచ్చింది. తెచ్చింది ఇచ్చేసి పోకుండా, లాంగ్ నోటుబుక్కు తీసి కూర్చునింది. ఏ ట్రాక్టరు ఎన్నింటికి గేటు దాటింది, ఎన్నింటికి కాటా ఎక్కింది, ఎన్నింటికి కాయ దించింది, ఎన్నింటికి బయటికొచ్చింది. పొద్దన్నుంచి రాత్రి దాకా. మూడు రోజులు. 41 ట్రాక్టర్లు రాసింది.

తర్వాత నాతో అంటుంది, ‘నాన్నా, కాయ దించేకాడ ఆలస్యం కాలేదు, అందరూ హమాలీలని తిడతాండారు గానీ వాళ్లు తొందరగానే దించతాండారు. లోడు బండీ, ఖాళీ బండీ రెండూ ఒకే కాటా ఎక్కాల. ఖాళీ బండి తూకానికి వస్తే లోడు బండి ఆగాల. ఖాళీలకి వేరే కాటా పెట్టినా, అది లేకపోతే గంటకొకసారి ఖాళీలన్నీ వరసగా తూచినా, మనకి ఒక రాత్రి మిగిలేది’ అని. పోయి అక్కడ మేనేజరుకి కూడా చెప్పింది. ఆయన కసురుకున్నాడు. నేనూ కసురుకున్నా, మెయిన్ పెట్టుకుని ఇదేం పని అని.

ఇట్లాంటివి ఆ ఫారంలో రాసేవేనా?

బోస్టన్_బాబాయి
మాస్టారూ. మీరు మొదటి పోస్టులో 587, 461 రాశారు. ఇది రాయలేదు.

ఎంపీసీ_బాధితుడు
నాకు ఒళ్లు జలదరించింది. నేను ఆ క్యూలో ఉంటే రీల్స్ చూసుకుంటూ ఉండేవాణ్ణి.

చిత్తూరు_చిన్నోడు
ఆ కాటా మాకూ తెలుసన్నా. మా నాయన దాన్ని తిట్టని తిట్టు లేదు. యాడ తప్పుండాదో కనిపెట్టినోళ్లు మాత్రం ఎవురూ లేరు. పాపకి దండం.

లెక్కల_రెడ్డెప్ప
దీన్ని క్యూయింగ్ థియరీ అంటారు, క్యూ ఎక్కడ ఎందుకు ఆగుతుందో చెప్పే లెక్కలు. డిగ్రీలో కూడా సరిగా చెప్పరు. పాప దానంతట అదే అక్కడికి వచ్చింది. చాలా సంతోషం. కానీ మాస్టారూ, ఇది చదివి సీటిచ్చేస్తారని మాత్రం పాపకి ఆశ పెట్టకండి. ఆ నూటికి ఇద్దరిలోనూ, మిగిలిన 98 మందిలోనూ ఇలాంటి నోటుబుక్కులు ఉంటాయి. నా మాట అదే, ఇక్కడ ఐఐటీయో బెంగళూరు ఐఐఎస్సీయో చదివి తర్వాత పీహెచ్‌డీకి పోతే వాళ్లే ఫీజు మాఫీ చేసి నెలనెలా డబ్బిస్తారు. అప్పుడు పోయినా అదే ఎంఐటీ.

భవానీనగర్_శైలజ
రెడ్డెప్పగారూ, ఇక్కడ వదిలేయమని ఎవరన్నారు? రెండూ చేయొచ్చు కదా. మావాడికి రానందుకు నాకు బాధలేదు. రాయనిచ్చినందుకు వాడు ఇప్పటికీ మాట్లాడుతున్నాడు మాతో.

లెక్కల_రెడ్డెప్ప
రెండూ అంటే టైము చూడండి. జనవరి మొదట్లో అక్కడ గడువు, మధ్యలో సంక్రాంతి, నెలాఖరులో మెయిన్ మొదటి సెషన్. పిల్ల మనిషా, మరమనిషా?

పుత్తూరు_కట్టు
మెయిన్ ఏప్రిల్లో రెండో సెషన్ ఉంది కదా సార్. రెండింటిలో ఏది ఎక్కువైతే అది.

మదనపల్లె_టమోటా
మా ఊళ్లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని ఆక్స్‌ఫర్డ్ చేర్చుకోలేదు. లండన్ యూనివర్సిటీ పరీక్ష రాస్తే అదీ పోయింది. తర్వాత ఆయన పెట్టిన రిషివ్యాలీలో సీటు కోసం జనం క్యూ కడుతున్నారు. ఇక మీరు చర్చ కొనసాగించవచ్చు.

రేణిగుంట_రైలు
తిరుపతి లూథరన్ మిషన్ స్కూల్లో చదివిన సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్ అయ్యారు. 1-1.

మదనపల్లె_టమోటా
ఆయన పుట్టింది తిరుత్తణిలో. ఇప్పుడది తమిళనాడు. ఆ పాయింటు చెల్లదు.

రేణిగుంట_రైలు
1960 దాకా తిరుత్తణి చిత్తూరు జిల్లానే. చెల్లుతుంది. ఫుట్‌బాల్లో మాదిరి వీఏఆర్ రీప్లే చూసుకో.

నిర్వాహకుడు
అబ్బాయిలూ, విషయానికి రండి.

పుత్తూరు_కట్టు
విషయానికే వస్తున్నా, ఎవరూ చెప్పని ఒక తలనొప్పి. పేరు. మన టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందుంటుంది, కొందరికి ఒక్క అక్షరమే ఉంటుంది. పాస్‌పోర్టులో దాన్ని విడదీసి రాస్తారు. శాట్‌లో పాప ఒకలా కొట్టి, ఫారంలో ఇంకోలా కొట్టిందనుకోండి, ఆ మార్కులు ఎవరివో వాళ్లకి అర్థం కాదు. మా తమ్ముడి ఎమ్మెస్ అప్లికేషన్లో ఇదే జరిగి రెండు నెలలు మెయిళ్లు. ముందు తిరుపతి పాస్‌పోర్టు ఆఫీసులో స్లాట్ తీసుకోండి, అందులో ఎలా వస్తే అన్నిచోట్లా అక్షరం మారకుండా అలాగే కొట్టండి.

భవానీనగర్_శైలజ
సాయం కోసం సీఎస్‌ఎస్ ప్రొఫైల్ అని ఇంకో ఫారం ఉంటుంది మాస్టారుగారూ. జీతం, ఫారం 16, బ్యాంకు నిల్వ, ఆస్తులు అన్నీ అడుగుతుంది. మీ తోట విలువ కూడా.

పాకాల_మాస్టారు
ఏ విలువ వేయాల తల్లీ? రిజిస్ట్రేషన్ విలువా, అమ్మితే వచ్చేదా, పోయిన సీజన్ చూసినాక నాకనిపించేదా?

చిత్తూరు_చిన్నోడు
మూడోది వేయన్నా. ఇంకా వాళ్లే నీకు ఎదురు డబ్బులు పంపిస్తారు.

పాకాల_ప్యాసింజర్
నేను మాస్టారు కూతుర్ని. నాన్న ఫోన్ చార్జింగులో పెడితే ఈ చర్చ కనపడింది.

మూడు తప్పులు సరిచేయాలి. ట్రాక్టర్లు 41 కాదు, 43. రెండిటికి నంబర్ ప్లేటు లేకపోతే డ్రైవర్ తువ్వాలు రంగు రాసుకున్నా. మేనేజర్ సార్ కసురుకోలేదు, కుర్చీ వేసి జ్యూస్ ఇచ్చారు, ‘రెండో కాటా పెట్టేది నా చేతిలో లేదమ్మా’ అన్నారు. కసురుకుంది నాన్న ఒక్కరే. ఇంక ఎంఐటీ గురించి యూట్యూబ్‌లో చూసి మొదలుపెట్టలేదు. వాళ్ల పాఠాలు, అసైన్‌మెంట్లు ఆన్‌లైన్లో ఊరికే ఉంటాయి, ఓపెన్ కోర్స్‌వేర్ అని. కాటా సంగతి అర్థం కాక వెతుకుతుంటే అందులో దొరికింది. సగం అర్థం కాలేదు. మిగతా సగం అడిగేవాళ్లు ఇక్కడ కనపడలేదు.

రెడ్డెప్ప సార్ చెప్పింది నాకు తెలుసు. ఐఓక్యూఎం నేను రాయలేదు, మా కాలేజీలో నోటీసు కూడా పెట్టలేదు. మెయిన్ వదలను. ఆ ఫారంలో ఒక ప్రశ్న ఉంది, ఎవరి కోసమూ కాకుండా నీకిష్టమని చేసే పని ఒకటి చెప్పు అని. ఇంటర్లో చేరినాక నన్నెవరూ అది అడగలేదు. రైల్లో కూర్చుని నాలుగుసార్లు రాసి కొట్టేశాను.

లెక్కల_రెడ్డెప్ప
అమ్మా, ఆ అర్థం కాని సగం నాకు పంపు. నాకూ అర్థం కాకపోతే ఇద్దరం కలిసి చూద్దాం. లెక్కల ఉత్తరం మాత్రం నీకు పాఠం చెప్పినవాళ్లే రాయాలి, నేను రాయకూడదు. మీ సార్ దగ్గరికి ఒక్కదానివే వెళ్లకు, ఆ నోటుబుక్కు తీసుకుపో. పేరు గుర్తులేకపోయినా నోటుబుక్కు గుర్తుంటుంది.

బోస్టన్_బాబాయి
రెండో ఉత్తరానికి ఇంగ్లీషు మేడమ్‌ని అడుగు. నువ్వు కూడా మార్కుల కోసం సంస్కృతమే తీసుకుని ఉంటావు.

పాకాల_ప్యాసింజర్
98 వచ్చింది. ‘రామః రామౌ రామాః’ తర్వాత ఏం లేదు.

రేణిగుంట_రైలు
ఆ 98ని ఎంఐటీవాళ్లు పొరపాటున నమ్మి సంస్కృతంలో ఇంటర్వ్యూ చేస్తే అప్పుడుంటది.

పాకాల_మాస్టారు
ఇదిగో, ఫోన్ ఇచ్చేయ్. చదువుకో పో.

పాకాల_మాస్టారు
సంక్రాంతి అయినాక రాస్తున్నా. కన్సల్టెన్సీకి పోలేదు. చెన్నైలో శాట్ రాసింది, 1530. ఫీజు మాఫీ అడిగితే ఇచ్చినారు. ఇంగ్లీషు మేడమ్ రెండు పేజీలు రాసిందంట, మాకు చూపించలేదు, చూపించకూడదంట. లెక్కల సార్ మొదట ‘టైము లేదమ్మా’ అని, నోటుబుక్కు చూసినాక దాన్ని ఇంటికి తీసుకుపోయి నాలుగు రోజులు తిరిగివ్వలేదు. తోట విలువ రిజిస్ట్రేషన్‌దే వేసినా. పంపేసినాం. నెలాఖరులో మెయిన్.

బోస్టన్_బాబాయి
ఫలితాలు మార్చి 14న ఇవ్వడం వాళ్ల అలవాటు. 3.14 కదా, పై. ఇక్కడ సాయంత్రం 6:28కి. అది రెండు పైలు. మీకు 15 తెల్లవారుజాము 3:58 అవుతుంది.

రేణిగుంట_రైలు
కొండమీద సుప్రభాతం అయిపోయుంటుంది. స్వామి కూడా లేచే ఉంటాడు.

పాకాల_మాస్టారు
రాలేదు.

3:58కి ముందే అందరం లేచినాం. మా ఆవిడ కాఫీ పెట్టింది. సిగ్నల్ లేక మిద్దె మీదికి పోయి చూసినాం. పాప చదివి, ‘సరే’ అని ఫోన్ నా చేతికిచ్చింది. నేను రెండుసార్లు చదివినా, ఎన్ని మార్కులతో పోయిందో ఎక్కడా లేదు. ఆరింటికి రైలుకి పోయింది. మెయిన్ మొదటిదాంట్లో 98.1 పర్సంటైల్, ఏప్రిల్లో ఇంకోసారి ఉండాది. ఐఏటీ కూడా కడతానంది, శైలజమ్మా, ఆ బయాలజీ పుస్తకం ఏదో చెప్పండి.

భవానీనగర్_శైలజ
మావాడి పుస్తకాలే అటక మీద ఉన్నాయి. కాలేజీ అయినాక పాపని మా ఇంటికి పంపండి, భోజనం చేసి తీసుకుపోతుంది.

ఎంపీసీ_బాధితుడు
98.1 వచ్చినా ‘ఇంకోసారి ఉండాది’ అంటున్నారు మాస్టారు. నాది చెప్పను.

లెక్కల_రెడ్డెప్ప
నిన్న ఆదివారం కూడా పాప అసైన్‌మెంటు పంపింది. అయిదో లెక్క నాకు రాలేదు. ఎవరికైనా వస్తే చెప్పండి, ఇక్కడ పెడతాను.

బంగారుపాళెం_రైతు
చర్చ అంతా ఇప్పుడే చదివినాను. నాకు సీట్ల సంగతి తెలీదు. మే నెలాఖరుకి కాయ దిగతాది. ఆ పాప కాటా లెక్క కాగితం ఒకటి పంపితే, మా సంఘం తరఫున ఫ్యాక్టరీవాళ్లతో మాట్లాడేటప్పుడు చూపించుకుంటాం. దొరుకుతుందా?

పాకాల_ప్యాసింజర్
పంపిస్తా అంకుల్. ఎక్సెల్‌లో ఉంది, సెల్లో సరిగా కనపడదు, ప్రింటు తీయించుకోండి. మూడో పేజీలో తువ్వాలు రంగులు కూడా ఉంటాయి, అవి పట్టించుకోవద్దు.